మాది రంగమండి

మొన్న జల్‌పల్లిలో ఒక పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "మీదే ఊరమ్మా?" అని అడిగాడు. హైదరాబాదే అన్నాను. "గది గాదమ్మా, అసలు ఊరు?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు. పొలమారింది, నీళ్ళు తాగాను, మళ్ళీ నవ్వాను. ఎదురు బంతివాళ్ళు కూడా తలెత్తి చూశారు. ఆ పెద్దమనిషి నొచ్చుకుని అవతలి పక్కకి తిరిగిపోయాడు.

యాభై ఏళ్ళకి పైగా ఈ ఊళ్ళో ఉన్నదాన్ని. ఇక్కడే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం చేశాను, ఇక్కడే పిల్లల్ని కన్నాను, మా ఆయన్ని ఇక్కడే సాగనంపాను. అయినా నోరు తెరిస్తే చాలు, నా 'అండీ'ని పట్టుకుని నన్ను అసలు ఊరికి బండెక్కించేస్తారు. ఇదివరకు నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తోందంటే దానికి ఒకాయన కారణం. ఆ ప్రశ్నకి ఆయన ఒకసారి నా కళ్ళెదుట చెప్పిన జవాబుకి సాటి వచ్చేది నేను ఇంతవరకు వినలేదు. ఆ జవాబు తరవాత చెప్తాను. ముందు మనిషిని చూడండి.

పేరు రాయను. ఆ పేటలో ఆయన్ని పేరుతో పిలిచినవాళ్ళు లేరు, నేనూ పిలవలేదు. సన్నగా, పొడుగ్గా, ఏభై దాటిన మనిషి. లుంగీ ముడి అందరిలా నడుం పక్కకి కాకుండా సరిగ్గా బొడ్డు మీద, పిడికిలంత ఉండేది. ఆ ముడి చూసి వీధి వీధంతా నవ్వుకునేది. ఆయన మాత్రం నవ్విన వాళ్ళ ముందుకే వెళ్ళి ఆ ముడి విప్పి, మళ్ళీ అక్కడే ఇంకొంచెం పెద్దది వేసుకునేవారు. క్లారినెట్టు వాయించేవారు. దాని మూతికి బిగించే పల్చటి రెల్లు పలకని ఆయన పీక అనేవారు. వాయించే ముందు అది నోట్లో పెట్టుకుని నానబెట్టాలి. ఈయనకి వాయించినా వాయించకపోయినా నోట్లో అది ఉండాల్సిందే. మనం ఏదైనా అడిగితే కళ్ళు అరమూసి వినేవారు. పీక నానేదాకా జవాబు రాదు. అడిగినవాళ్ళు నిలబడాలి. ఈ అలవాటే ఆయన కొంప ముంచింది.

మేం అప్పట్లో ఉప్పుగూడలో మల్లమ్మ ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మల్లమ్మ భర్త పోయిన మనిషి. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలు అమ్మేది. ఇంటికి మధ్యలో వాకిలి, చుట్టూ నాలుగు వాటాలు, అందరికీ కలిపి ఒక కొళాయి. మల్లమ్మ గొంతు పెద్దది, మనసు కూడా పెద్దదే గాని గొంతే ముందు కనిపించేది. సంసారులకి తప్ప ఒంటరి మగాళ్ళకి వాటా ఇచ్చేది కాదు. ఆషాఢంలో ఒక రోజు ఈయన ఒక రేకు పెట్టె, ఒక పొడుగాటి నల్ల పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నేను డ్యూటీలో ఉన్నాను. అప్పుడేం జరిగిందో తరవాత మల్లమ్మే చెప్పింది, తిట్టుకుంటూ.

"ఒక్క మొగోనికి కిరాయికియ్య" అందిట మల్లమ్మ. ఆయన కదల్లేదు. "ఏ ఊరు మీది?" అని అడిగిందిట, పొమ్మనే ముందు మర్యాదకి. ఆయన కళ్ళు అరమూసి, కాసేపాగి, నోట్లోంచి పీక తీసి, "మాది రంగమండి. తాతల కాడ్నుంచీ రంగమే" అన్నారుట.

మా కృష్ణా జిల్లా వైపు గాని, ఆ పైన శ్రీకాకుళం వైపు గాని ఈ మాట ఎవరన్నా మాకు ఇట్టే అర్థమయ్యేది. రంగం అంటే రంగూను. మా తాత తమ్ముడొకాయన ఇంట్లో పోట్లాడి 'రంగం పోయాడు' అని చెప్పుకునేవాళ్ళం. కాని ఇది ఉప్పుగూడ, అందులోనూ ఆషాఢం. ఇక్కడ రంగం అంటే బోనాల మర్నాడు పూనకం వచ్చిన ఆడమనిషి పచ్చికుండ మీద నిలబడి ఆ ఏటి వానలూ పంటలూ కష్టసుఖాలూ చెప్పడం. అమ్మవారే చెప్పినట్టు లెక్క. మల్లమ్మ కళ్ళకి ఎదురుగా ఉన్నవాడు తాతల నాటి నుంచి రంగం చెప్పే వంశం మనిషి, అందులోనూ బోనాల నెలలో ఆమె గుమ్మం వెతుక్కుంటూ వచ్చినవాడు. నెత్తి మీదికి కొంగు లాక్కుని, తాళంచెవి రెండు చేతులతో ఇచ్చిందిట.

నేను ఇంటికొచ్చేసరికి మల్లమ్మ ఆయన వాటా ముందు కళ్ళాపి చల్లుతోంది. మా వాటా ముందు ఎన్నడూ చల్లి ఎరగదు.

ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. మార్కెట్లో కూరలు వడిలిపోతున్నాయి. ఒక ఉదయం నేను బట్టలు ఆరేస్తుంటే మల్లమ్మ కుంకం, కొబ్బరికాయ పళ్ళెంలో పెట్టుకుని ఆయన ముందు నిలబడింది. ఆయన గడప మీద కూర్చుని ఉన్నారు. నోట్లో పీక, కళ్ళు అరమూత.

"అయ్యా, వానలు వడ్తయా?"

ఆయనకి మల్లమ్మ భాష ఇంకా పట్టుబడలేదు. ఏదో తన పీక గురించే అడుగుతోందనుకున్నారు. అది తీసి, వెలుతురుకేసి పట్టి చూసి, తాపీగా చెప్పారు: "తడవాలమ్మా. ఎండిపోయినాది పలకదు. బాగా తడిసేక అప్పుడు సూడు, ఎలా పలుకుద్దో."

మల్లమ్మ పళ్ళెం అక్కడే పెట్టి దండం పెట్టింది. ఆమె అడిగింది నాకప్పుడు సరిగ్గా వినపడలేదు, ఈవిడకి క్లారినెట్టు మీద ఇంత భక్తేమిటా అనుకుని నేను బట్టలు ఆరేసుకున్నాను. ఆ సాయంత్రం కురిసింది చూడండి వాన, మా వీధి వాగైపోయింది.

తెల్లారేసరికి మాదన్నపేట మార్కెట్టు ఆడవాళ్ళు సగం మంది మా వాకిట్లో ఉన్నారు. కొబ్బరికాయలు, నిమ్మకాయలు, వేపమండలు. ఒకామెకి కోడలు కడుపుతో ఉందట, మగా ఆడా చెప్పాలి. ఒకామె బర్రె తప్పిపోయిందట. ఆయన ముఖం కడుక్కుని తువ్వాలుతో బయటికొచ్చి, "ఏటిది? ఎవరి పెళ్ళి?" అన్నారు.

"ఏటిదంటవేంది సామీ, తాతలకెల్లి రంగం నీది. జెర జెప్పు" అంది మల్లమ్మ, అందరికీ వినపడేలా, గొప్పగా.

"రంగమంటే రంగూనమ్మా! బర్మా! సముద్రం అవతలుంటాది. అక్కడ పుట్టేను, ఓడ మీద వచ్చేను. రేపేటవుద్దో నాకు తెలిస్తే అంత ఇల్లూ వాకిలీ ఒదిలీసి ఒక్క పెట్టెతో వచ్చేవోణ్ణా?"

ముందు బర్రె తప్పిపోయినామె నవ్వింది. ఆమె నవ్వగానే అందరూ నవ్వారు. కొంగులు నోట్లో కుక్కుకుని, ఒకరి మీద ఒకరు పడి నవ్వుతూ వెళ్ళిపోయారు. వాకిట్లో మల్లమ్మ ఒక్కతే మిగిలింది, చేతిలో నిమ్మకాయలతో.

మార్కెట్లో ఆమెకి బతుకు లేకుండా పోయింది. బేరానికొచ్చిన ప్రతివాళ్ళూ, "ఏం మల్లమ్మా, రేపు వంకాయ ఎట్లుంటదో మీ రంగమాయన్ని అడిగినవా?" అనడం మొదలుపెట్టారు. మాటకి మాట అప్పజెప్పే మనిషి, తల దించుకుని తక్కెడ పట్టుకోవలసి వచ్చింది. ఆ కోపమంతా మోసుకుని ఇంటికొచ్చి ఆయన గుమ్మంలో నిలబడింది.

"నా ఇల్లు ఖాళీ జెయ్యి. నీ దేశం నువ్వు వాపస్ పో!"

ఆయన పీక తీశారు. ఆ రోజు నాననివ్వలేదు. "వాపస్ అంటే ఏటమ్మా?"

"వాపస్ అంటే వాపస్. ఏడికెల్లి వచ్చినవో గాడికి."

"అక్కడోళ్ళూ అదే మాటన్నారు. ఇండియాకి వాపస్ పొమ్మన్నారు. ఇండియా నానెప్పుడూ సూడనేదు, వాపస్ ఎలాగెల్తాను అన్నాను. ఇప్పుడు నువ్వు అక్కడికి వాపస్ పొమ్మంటన్నావు. మీరూ మీరూ మాటాడుకుని ఏదో ఒకటి తేల్చండి. అందాకా నాను ఇక్కడే ఉంటాను."

ఈ మాట విషయంలో ఆయనకి పట్టింపు మహా జాస్తి. మా ఆయన రైల్వేలో గుమాస్తా, ఎవరినీ నొప్పించని మనిషి. పరిచయమైన కొత్తలో, "మొత్తానికి మాతృదేశానికి తిరిగొచ్చారు, సంతోషం" అన్నారు. "నాను తిరిగి రానేదండి, వచ్చేను" అన్నారాయన. మా ఆయన అది మాట తేడా అనుకుని, "అదేలెండి, తిరిగి వచ్చేశారుగా" అన్నారు. "తిరిగి తీసీండి బాబూ. వచ్చేను. అంతే." ఆ 'తిరిగి' తీసేసేదాకా మా ఆయన్ని కదలనివ్వలేదు. వైజాగులో బర్మా నుంచి వచ్చినవాళ్ళందరికీ ఒకచోట గుడిసెలిచ్చారట. అక్కడ ఎందుకుండలేదని నేనడిగితే, "పొద్దు లెగిస్తే అందరూ రంగం కబుర్లే. పోయినోళ్ళ కోసం ఏడ్సినట్టు ఏడుస్తారు. నాను బతకడానికి వచ్చేనమ్మా, దినం పెట్టడానికి కాదు" అన్నారు. పెళ్ళి బ్యాండ్లు ఎక్కువున్న ఊరు ఏదని అడిగి, హైదరాబాదు అంటే రైలెక్కారు.

మల్లమ్మ యుద్ధం మొదలుపెట్టింది. సామాను వీధిలో వేసే మనిషి కాదు, అది ఆమెకి చిన్నతనం. మార్కెట్టు నుంచి వచ్చే ఉల్లిగడ్డల బుట్టలన్నీ తెచ్చి ఆయన గడప ముందు పేర్చడం మొదలుపెట్టింది. ముందు ఒక వరస. తరవాత వరస మీద వరస. మనిషన్నవాడు లోపలికీ బయటికీ పోవాలంటే కాలు బారెడు ఎత్తి దాటాలి. ఆయన దాటేవారు. బ్యాండు కోటు వేసుకుని, ఎర్ర గుడ్డకి బంగారు జరీ అంచు, తలమీద టోపీ, చంకలో నల్ల పెట్టె, లుంగీ బదులు ప్యాంటు, ఆ ఉల్లిగడ్డల మీంచి కొంగలా దాటి పెళ్ళిళ్ళకి వెళ్ళేవారు. పొద్దున్నే ఆ బుట్టల మధ్యనే పీట వేసుకుని సాధకం చేసేవారు. ఉప్పుగూడ స్టేషన్లో బండి కూత వేస్తే వాయించడం ఆపి, ముఖం చిట్లించి, "ఆ ఇంజనుకి సురుతి నేదమ్మా. మీ ఆయన్ని ఆపీసులో సెప్పమను" అనేవారు నాతో. మా ఆయన ఎవరికని చెప్తారు? తరవాత ఆయనే ఒక దారి కనిపెట్టారు. బండి కూత వేసినప్పుడల్లా దాన్ని మించి గట్టిగా, సరైన శ్రుతిలో ఊదేవారు. ఇంజను వినలేదు గాని, పేటంతా నిద్ర లేచేది.

ఆయన తిండి ఇంకో రభస. అరటి బోదె లోపలుండే తెల్లటి దూట కావాలి ఆయనకి, ఎండు చేపల పొడి వేసి అందులో ఏదో పులుసు కాస్తారట వాళ్ళు. మల్లమ్మ దుకాణానికే వెళ్ళి అడిగారు, పోట్లాటలో ఉండి కూడా.

"గది మేం బర్లకేస్తం" అంది మల్లమ్మ.

"మీ బర్రెలు అదృష్టవంతులు. నాక్కూడా కొంచెం ఇయ్యి."

అక్కడే కూరలు కొంటున్న నేను, మేమూ దూట కూర వండుకుంటామన్నాను. మల్లమ్మ నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, "మీకు మీకు మంచిగనే కుదిరింది" అంది. ఆ పులుసు కాచిన రోజు వాసనకి వాకిట్లో ఒక్కరూ ఉండలేకపోయేవారు. ఎవరైనా ముక్కు మూసుకుంటే గిన్నె ఇంకా బయటికి తెచ్చి కూర్చుని తినేవారు.

ఖాదర్ భాయ్ బ్యాండులో చేరారు ఆయన. ఖాదర్ భాయ్‌కి ఈయనంటే ప్రాణం, ఈయన వల్ల ప్రాణసంకటం కూడా. ఎందుకంటే ఈయన ఒక్క పాట వాయించరు. అప్పగింతల పాట. పెళ్ళికూతుర్ని సాగనంపేటప్పుడు బ్యాండు వాళ్ళు ఏడుపు పాట అందుకోవాలి. అది మొదలవగానే ఆడవాళ్ళు బావురుమనాలి. అదొక పద్ధతి. మా ఎక్స్‌ఛేంజిలో నాతో పనిచేసే అమ్మాయి పెళ్ళి మాదన్నపేటలో జరిగింది. ఖాదర్ భాయ్ బ్యాండే పెట్టారు. అప్పగింతల వేళకి డప్పులు ఆగాయి, ట్రంపెట్టు దింపారు. అందరి కళ్ళూ క్లారినెట్టు మీద. అది ఏడిస్తే మేం ఏడుద్దామని మేమంతా కొంగులు సర్దుకుని నిలబడ్డాం. ఈయన మాంచి హుషారైన డాన్సు పాట ఎత్తుకున్నారు.

పెళ్ళికూతురి తండ్రి కన్నీళ్ళు సిద్ధం చేసుకున్న మనిషి, అవి ఎటు పోవాలో తెలియక ముఖమంతా ఎర్రబడింది. "ఇది పెండ్లా, సర్కసా? బంద్ జెయ్యుండ్రి!" అని అరిచాడు. ఏడుపు పాట వాయించమని ఖాదర్ భాయ్ ఈయన మోచెయ్యి పట్టుకుని బతిమాలాడు: "అరే ఉస్తాద్, రోనే కా గానా బజావ్ నా!"

ఈయన ఊదడం ఆపి, "జిస్కూ రోనా హై, వో రోలే భాయ్" అన్నారు. ఏడవాల్సినవాళ్ళని ఏడవనీ అని. తరవాత ఆ తండ్రి వైపు తిరిగి తెలుగులో, "ఆ గుంట కొత్త ఇంటికెల్తంది బాబూ. ఓడిపోయి ఎల్తందా? నాను కొత్త ఊరు ఎల్లినప్పుడు రేవులో అందరూ ఏడిసేరు. ఓడ కదిలినంత సేపూ ఆ ఏడుపే ఇనబడింది. కొత్త సోటికి ఎల్లేవోడి సెవిలో అది పెట్టి పంపకూడదు" అని, మళ్ళీ అదే పాట అందుకున్నారు.

తల వంచుకుని ఉన్న మా పెళ్ళికూతురు తలెత్తి చూసింది. పెళ్ళి మూడు రోజులూ ఆ పిల్ల తలెత్తగా నేను చూడలేదు. కారెక్కేదాకా తల దించలేదు. నేను ఆ పూట ఏడవలేదు, నాకు ఏడుపు తన్నుకొస్తున్నా సరే. ఈయన్ని చూసి పట్టుదల వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ఆయనంటే ఒక అభిమానం. దాన్ని గౌరవం అనొచ్చో లేదో తెలియదు, మొండితనం మీద మొండితనానికి ఉండే ఇష్టం అది.

మరుసటి సంవత్సరం మా వంతు వచ్చింది. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు వెళ్ళిపోవాలని ఊరంతా ఊరేగింపులు. మా వీధి గోడల మీద కూడా బొగ్గుతో రాశారు. ఎవరి బాధ వారికుంది, వాళ్ళ ఉద్యోగాలు మేం తన్నుకుపోయామని వాళ్ళు, నేనెవరివీ తన్నుకుపోలేదని నేను. మా ఆయన బదిలీకి అర్జీ పెడదామన్నారు. నేను పెట్టెలు సర్దుతుంటే ఈయన బుట్టలు దాటుకుని మా గుమ్మంలోకి వచ్చారు.

"ఎల్లకమ్మా. పొమ్మన్నోడికి నోరు నొప్పెట్టేదాకా ఉండు."

"మీకు తెలియదండీ, రేపు గొడవలు ముదిరితే..."

"నాకు తెల్దా?" అన్నారు. అంతే అన్నారు. నేను పెట్టెలు విప్పేశాను. అర్జీ పెట్టడానికి మా ఆయనకి ధైర్యం చాల్లేదు, పెట్టకపోవడానికి నా ధైర్యం సరిపోయింది.

మళ్ళీ ఆషాఢం దగ్గర పడింది. మల్లమ్మకి దిగులు పట్టుకుంది. బోనాలొస్తే ఆడవాళ్ళందరూ కలుస్తారు, పోయినేటి రంగం కథ మళ్ళీ తవ్వుతారు. ఈయన ఇంట్లో ఉండగా ఆమె బోనం ఎత్తుకుని వీధిలో నడవడం ఎలా? ఇక ఉల్లిగడ్డల వల్ల కాదని, వాళ్ళ బావకి కబురు పెట్టింది. బావ అంటే చనిపోయిన భర్తకి అన్న. పక్క వీధిలో ఉండేవాడు. పేటలో తగువులు తీర్చే పెద్ద. తెల్ల మీసాలు, చేతికర్ర, వెనకాల ఇద్దరు బలమైన కొడుకులు. ఆదివారం పొద్దున్న వాకిట్లో నులకమంచం వేసి కూర్చోబెట్టారు. వాటాల వాళ్ళమంతా గుమ్మాల్లో నిలబడ్డాం. మల్లమ్మ ఒక పక్కగా కూర్చుని పచ్చిమిరపకాయలు ఏరుతోంది.

ఈయన బుట్టలు దాటి వచ్చి మంచానికి ఎదురుగా నిలబడ్డారు. నోట్లో పీక.

"నీదే ఊరు?" అన్నాడు పెద్ద.

కాసేపాగారు. అందరం ఆగాం. పీక తీశారు. "ఉప్పుగూడ."

"గది గాదు. అంతకుముందు?"

"రంగం."

"ఆఁ, అంతకుముందు?"

"అంతకుముందు నాను పుట్టనేదు."

నేను పైకే నవ్వేశాను. మా ఆయన నా చెయ్యి నొక్కారు. పెద్ద చేతికర్ర నేలమీద కొట్టాడు.

"పరాచికాలా? నీ మాటతోని మా మరదలి ఇజ్జత్ పోయింది. మార్కెట్ల తలెత్తుతలేదు. అందరి ముంగట 'తప్పయింది' అను. ఒక్క మాట. అంటే ఈ ఇంట్ల ఉండు, అనకుంటె ఇప్పుడే ఎల్లు."

నిజానికి అది పెద్ద శిక్షేం కాదు. మా ఆయన నెమ్మదిగా దగ్గరికెళ్ళి, "అనేయండి మాస్టారూ. ఒక్క మాటేగా" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఇల్లు దొరకడం మాటలా? అందులోనూ ఒంటరి మనిషికి, ఎండు చేపల పులుసు కాచుకునేవాడికి, కోడి కూయకముందే క్లారినెట్టు ఊదేవాడికి, ఎవరిస్తారు? ఆయనకీ ఆ సంగతి తెలుసు. ముఖంలో కనిపించింది. చేతులు రెండూ లుంగీ ముడి మీద పెట్టుకుని గట్టిగా పట్టుకున్నారు.

"ఏటి తప్పయింది?" అన్నారు. "మీ ఊరేదని అడిగింది, మా ఊరు పేరు సెప్పేను. నా ఊరి పేరూ మీ అమ్మోరి మాటా ఒక్కటైతే అది నా తప్పా, అమ్మోరి తప్పా? అక్కడా ఇంతే. ఇది మా ఊరు అన్నాను. కాదన్నారు. తప్పొప్పుకుంటే ఉండనిస్తామన్నారు. ఒప్పుకోనేదు, ఓడెక్కేను." లుంగీ ముడి ఇంకోసారి బిగించారు. "ఇక్కడ ఎక్కడానికి ఓడ కూడా నేదు. మీ ఊళ్ళో సముద్రమే నేదు. అంచేత నాను ఎల్లను. తప్పయిందనీ అనను."

అని వెనక్కి తిరిగి, బుట్టలు దాటి, లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వెయ్యలేదు. లోపల పెట్టె తెరిచిన చప్పుడు, తరవాత క్లారినెట్టు. ఏ పాటో నాకు తెలియదు. ఇక్కడి పాట కాదు. అంతకుముందు ఎప్పుడూ అది ఆయన వాయించగా వినలేదు. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు తెగింది, మళ్ళీ అందుకున్నారు.

పెద్దకి ముఖం మాడిపోయింది. అంతమంది ముందు తన మాట చెల్లకపోవడం అతనికి అదే మొదలు. లేచి నిలబడి కొడుకులకి సైగ చేశాడు. "సామాను తీసి బజార్ల ఏయుండ్రి. బాజా గూడ."

కొడుకులిద్దరూ చొక్కా చేతులు మడిచి బుట్టలు పక్కకి నెట్టడం మొదలుపెట్టారు. ఉల్లిగడ్డలు వాకిలంతా దొర్లాయి.

"ఆగుండ్రి."

మల్లమ్మ లేచింది. ఒళ్ళోని మిరపకాయలు జలజలా రాలిపోయాయి. ఎప్పుడూ ఉండే పెద్ద గొంతు కాదు అది. మాకెవరికీ తెలియని గొంతు.

"నువ్వు పిలిస్తేనే వచ్చిన గదనే" అన్నాడు పెద్ద. "నీ ఇజ్జత్ కోసమే గదా ఇదంత."

"నా ఇజ్జత్ నా నోటితోని పోయింది బావా. ఆయన నోటితోని గాదు." మల్లమ్మ ఆ కొడుకుల్ని దాటుకుని వెళ్ళి, ఆ గడపకి అడ్డంగా నిలబడింది. లోపల పాట సాగుతూనే ఉంది. "నా పెనిమిటి సచ్చి దినాలైననాడు గిదే వాకిట్ల, గిదే మంచం మీద కూసున్నవ్. 'ఇంక నీకీడ ఏమున్నది, తల్లిగారింటికి వాపస్ పో, ఇల్లు మేం జూస్కుంటం' అన్నవ్. యాదికున్నదా?"

కొడుకులు తండ్రి ముఖంలోకి చూశారు.

"నేను పోలే" అంది మల్లమ్మ. "ఆయనెందుకు పోతడు?"